సంగీత కళానిధి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు

మహనీయుల చరిత్రములను ఏటేట స్మరించుకొనుట సంఘజీవనమునకు ఊపిరి వంటిది. పటమునకు పూలమాల వేసి, రెండు మంచిమాటలు పలికి, భోజనములకు లేచినంత మాత్రమున పెద్దల ఋణము తీరదు. వారు ఏమి చేసిరో, ఎట్లు చేసిరో, వారికి ఎవరు తోడ్పడిరో తెలిసికొన్నప్పుడే ఆ స్మరణము సార్థకమగును. ఈ తలంపుతోనే హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల నుండి ఈ మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులకును, పోషకమహాశయులకును సంగీతసాహిత్యములు రెండింటను గురుపీఠమున నిలిచిన కీర్తిశేషులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి జీవితమును సంగ్రహముగా నివేదించుచున్నాము.

శర్మగారు 1893వ సంవత్సరము జనవరి 23వ తేదీన అనంతపురము జిల్లా కల్యాణదుర్గము తాలూకాలోని రాళ్లపల్లి గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు కంబదూరు మండలమున నున్నది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు మన మూడు పట్టణములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరగా రాళ్లపల్లి అనంతపురము జిల్లాలోనే నిలిచినది. అయినను శర్మగారు పుట్టిననాడు ఇదంతయు ఒకే జిల్లా, ఒకే నేల, ఒకే కరవు. వారి ఇంటిపేరు కర్ణమడకలవారు; తండ్రిగారు కృష్ణమాచార్యులుగారు, తల్లిగారు అలమేలుమంగమ్మగారు. ఊరిపేరే వారికి ఇంటిపేరై లోకమున నిలిచిపోయినది. వాన లేక బీటలువారిన ఆ మెట్టభూములలోని చిన్నపల్లె పేరు నేడు సంగీతసభలలో గౌరవముతో వినబడుచున్నదన్నచో, అది ఆ ఒక్క కుమారుని పుణ్యమే.

శ్రీవైష్ణవ కుటుంబమగుటచే ఇంట విద్యకు కొదవ లేదు. సంస్కృతాంధ్రములకు తండ్రిగారే తొలిగురువు. పాటకు తొలిగురువు తల్లిగారు. ఆ కాలపు మన ఇండ్లలో తల్లులు పాడుకొను పాటలకు పుస్తకము లేదు, స్వరము వ్రాసిన కాగితము లేదు. విన్నవారి గొంతులోనే అవి బ్రతికియుండెడివి. శర్మగారి సంగీతమునకు పునాదిరాయి ఆ తల్లి గొంతే యని మా విశ్వాసము. అలమేలుమంగమ్మ కుమారుడు పెద్దవాడై అలమేలుమంగాపతిని కీర్తించిన పాటలకే పునర్జన్మ మిచ్చుట దైవసంకల్పము కాక మఱేమి?

మన సీమవారికి ఆ దినములలో చెన్నపట్టణము దూరము, మైసూరు దగ్గఱ. ఇంట తెలుగు, అంగట కన్నడము మాటలాడుట మనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. శర్మగారును ఆ త్రోవనే మైసూరు చేరి, పరకాలమఠమున శ్రీకృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వాములవారి సన్నిధిని సంస్కృత కావ్యనాటకములు పఠించిరి. అచటనే వారికి కట్టమంచి రామలింగారెడ్డిగారి పరిచయభాగ్యము కలిగెను. రెడ్డిగారు అప్పుడు మహారాజా కళాశాలలో ఆచార్యులు. ఈ యువకునిలోని సరుకును గుర్తించి కళాశాలలో తెలుగు పండితపదవికి తెచ్చినవారు వారే. అది 1912వ సంవత్సరము, శర్మగారికి పందొమ్మిదేండ్లు. ఆ పీఠమున వారు 38 సంవత్సరములు నిలిచిరి. కన్నడదేశము నడుమ తెలుగు చెప్పుచు, తరతరముల విద్యార్థులకు పద్యమును చదువుట, రుచి చూచుట, తూచుట నేర్పిరి.

పగలు పద్యము చెప్పిన శర్మగారు పాట విషయమున తాము శిష్యులుగా కూర్చుండిరి. నాలుగవ కృష్ణరాజ ఒడయరువారి పాలనలో మైసూరు సంగీతమునకు పుట్టినిల్లై యుండెను. ఆస్థాన విద్వాంసులైన బిడారం కృష్ణప్పగారి కడ వారు గాత్రము అభ్యసించిరి. ఏడుతంత్రుల వాయులీనమునకు ప్రసిద్ధులైన చౌడయ్యగారును ఆ కృష్ణప్పగారి శిష్యులే. కళాశాలలో గురువై పేరొందినవాడు మఱొకని యెదుట తంబుర పట్టి శిష్యుడై కూర్చుండుట ఎల్లరకు సాధ్యమగు పని కాదు. పాండిత్యము పెరిగినకొలది తల బిరుసెక్కుట లోకసహజము. శర్మగారికి అది సోకలేదు.

సాహిత్యమున వారి కృషి బహుముఖము. తారాదేవి, మీరాబాయి యను కావ్యములు వారి తొలినాటి రచనలు. ప్రాకృతమునుండి శాలివాహన గాథాసప్తశతీసారమును తెనిగించి పల్లెపడుచుల వలపును, కాపువారి కష్టసుఖములను తెలుగువారికి అందించిరి. కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని నృత్తరత్నావళిని తెలుగులోనికి తెచ్చిరి. నాటకోపన్యాసములు, సారస్వతాలోకము విమర్శరంగమున వారికి స్థిరమైన స్థానము నిచ్చినవి. కన్నడమున గానకలె మొదలగు గ్రంథములు వ్రాసి, తాము తిన్న ఉప్పునకు ఆ భాషకును ఋణము తీర్చుకొనిరి. మన పెనుకొండ కొండపై వారు కట్టిన పాట నేటికిని సీమవారి నోట నున్నది.

వీనిలో వేమనపై వారి ఉపన్యాసములను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వారు వానిని ఇచ్చిరి. అవియే వేమన యను గ్రంథమై వెలువడినవి. వేమన సమాధి యున్నదని జనులు కొలుచు కటారుపల్లె మన కదిరి ప్రాంతమునదే. ఆ యోగి ఆచారములను, కులగర్వమును ఎంతగా ఎత్తిపొడిచెనో ఎల్లరు ఎఱుగుదురు. మఠమున చదివిన ఆచార్యకుటుంబీకుడు అట్టి కవిని తూలనాడక, వట్టి పొగడ్తలతోనే సరిపెట్టక, అతని మేలును లోపమును నిష్పక్షపాతముగ తూచి చూపెను. కులసంఘముల వేదికలపై నిలుచు మనమందఱము ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. శర్మగారికి శాస్త్రము చెప్పినది స్వాములవారు, ఉద్యోగమిచ్చినది రెడ్డిగారు, పాట నేర్పినది కన్నడదేశపు విద్వాంసుడు. విద్యకు గోడలు కట్టినవాడు తన యింటి దీపమునే ఆర్పుకొనును.

ఇక వారి జీవితమునకు శిఖరమనదగిన ఘట్టమునకు వత్తుము.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వఱకు జీవించి వేంకటేశ్వరునిపై 32,000 సంకీర్తనలు చెప్పెనని ప్రసిద్ధి. ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్రను బట్టి మన పెనుకొండకును ఈ కథతో సంబంధము కలదు. సాళువ నరసింహరాయడు అన్నమయ్యను పెనుకొండకు పిలిపించుకొని, వేంకటేశునిపై పాడిన పాటకు మురిసి, అట్టిదే తనపైనను పాడుమని కోరెనట. హరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తింపనని ఆయన నిరాకరింపగా రాజు సంకెల వేయించెననియు, ఆ సంకెల హరికీర్తనముచే వీడిపోయెననియు చిన్నన్న చెప్పినాడు.

ఆ కాలి సంకెల వీడినను, పాటలకు వేఱొక సంకెల పడినది. తాళ్లపాకవారు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున ఒక అరలో భద్రపఱచిరి. అవి 2,000కు పైబడిన రేకులు. వానిలో నేటికి దొరకిన అన్నమయ్య సంకీర్తనలు 12,000కు పైచిలుకు. కాలక్రమమున పాడువారు కఱవై, ఇరువదవ శతాబ్దమున 1922 ప్రాంతమున రేకులు వెలికి వచ్చువఱకు ఆ వాఙ్మయము మూగవోయి యుండెను. పిమ్మట తిరుమల తిరుపతి దేవస్థానమువారు అచ్చుపని ఆరంభించిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ పరిష్కరణమునకు ప్రాణము ధారవోసి 1950లో కీర్తిశేషులైరి. మైసూరు కొలువు ముగించుకొనిన శర్మగారిపై ఆ భారము పడెను. వారు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్యపరిశోధన సంస్థలో కూర్చుండి సంపుటముల పరిష్కరణము సాగించిరి.

పాఠమును సరిచూచుట ఒక యెత్తు, పాటకు ప్రాణము పోయుట మఱొక యెత్తు. రేకుపై పల్లవి యున్నది, చరణములున్నవి, తలపై రాగము పేరున్నది. స్వరము లేదు, తాళము లేదు. సామంతము, పాడి, గుండక్రియ వంటి రాగములను నేటి కచేరులలో వినుట అరుదు. పేరు నిలిచిన రాగములును రూపు మార్చుకొనినవి. ముఖారినే చూడుడు. విజయనగరకాలమున 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధి వ్రాసిననాటికి అది శుద్ధస్వరముల మేళము. నేడు మనము పాడు ముఖారి వేఱు. కావున రేకుపై పేరు చూచి నేటి రాగమును అతికించిన పని తీరదు. మాట ఎచ్చట విఱుగునో, అర్థము ఎచ్చట ఆగునో, ఏ అక్షరమును సాగదీసిన భావము చెడునో ఎఱిగిన తెలుగు పండితుడు కావలెను. రాగము నడకను, తాళము బరువును ఎఱిగిన గాయకుడు కావలెను. ఆ యిద్దఱును ఒక్క శరీరమున నుండవలెను. మైసూరులో పగటిపూట పద్యము, ప్రొద్దుగూకిన పిమ్మట పాటయై సాగిన ఆ 38 ఏండ్లు ఈ పనికొఱకే గడచినవా యనిపించును. వారు నూటికి పైగా సంకీర్తనలకు స్వరము కూర్చి లోకమున కందించిరి. తరువాతి గాయకులు అనేకులు నడచిన బాటకు మొదటి కంపలు కొట్టినవారు వారు.

గౌరవములు తమంత తామే వచ్చినవి. 1974లో చెన్నపురి సంగీతవిద్వత్సభవారు వారిని సంగీత కళానిధి బిరుదముతో సత్కరించిరి. 1978లో తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టు స్థాపితమగుటను వారు కన్నులార చూచిరి. మఱుసటి ఏడు దేవస్థానమువారు వారిని ఆస్థాన విద్వాంసులుగ నియమించి, బెంగుళూరులో వారి యింటికే వచ్చి ఆ సత్కారమును సమర్పించిరి. 1979 మార్చి 11వ తేది అది. స్వామి శేషవస్త్రము భుజముపై పడిన ఆ దినముననే శర్మగారు తమ 86 ఏండ్ల వయసున స్వామి సన్నిధికి చేరుకొనిరి. కొలువునకు పిలుపు వచ్చినదని బయలుదేరిన సేవకునివలె వెడలిపోయిరి.

సోదరులారా, ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన దొక్కటి కలదు. తాళ్లపాకవారికి ధనము లేకపోలేదు, భక్తి లేకపోలేదు. రాగి చెడునది కాదని రాగిపై చెక్కించిరి. మాట నిలిచినది, వరుస నిలువలేదు. గురువు గొంతునుండి శిష్యుని గొంతునకు దాటు విద్యను రాగియు కాపాడలేదు, రాయియు కాపాడలేదు. మన సంఘములు సత్రములు కట్టినవి, కల్యాణమంటపములు కట్టినవి, దాతల పేర్లు చలువరాళ్లపై చెక్కించినవి. అవి యన్నియు మేలే. కాని మన హిందూపురమున, పెనుకొండలో, ధర్మవరమున పది మంది పిల్లలకు సంగీతము చెప్పుకొని బ్రతుకుచున్న ఉపాధ్యాయునికి ఈ ఏడాది మనమేమి ఇచ్చితిమి? జీతము కట్టలేక పాఠము మానుకొన్న పిల్ల పేరు మనలో ఎందఱికి తెలియును? ఒక రామలింగారెడ్డిగారు ఒక పందొమ్మిదేండ్ల యువకునికి ఒక కుర్చీ చూపకున్నచో, ఆ పాటలకు తగిన గొంతు దొరకుటకు ఇంకెన్ని యేండ్లు పట్టియుండెడిదో!

పోషకమహాశయులు కట్టడములకిచ్చు దానిలో ఒక పాలు గురువునకును శిష్యునకును కేటాయింతురుగాక యని వేడుకొనుచున్నాము. రాళ్లపల్లివారికి అంతకు మించిన పూలమాల లేదు.