మరహూం జమాల్ మొహమ్మద్ సాహెబ్ గారు

మన సత్యవేడు బీళ్ళలో తంగేడు చెట్టును ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. అయినా దాని చెక్కకు ఒకనాడు చెన్నపట్నంలో మంచి గిరాకీ ఉండేది. సున్నపు తొట్లలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోళ్ళను ఆ చెక్క నీళ్ళలో ఊరవేసి, చివరకు కరక్కాయ నీళ్ళలో ముంచి పదును చేస్తే అవి ఓడలెక్కి లండన్ బజారు దాకా పోయేవి. ఈ వ్యాపారానికి సెంట్రల్ స్టేషను దాపున ఉన్న పెరియమేట్ కేంద్రం. అక్కడి వర్తకులలో మనవాళ్ళు చాలామంది. వారిలో అగ్రగణ్యులై, గడించిన సొమ్మును దీన్‌కూ దేశానికీ వెచ్చించిన వదాన్యులు మరహూం జనాబ్ హాజీ జమాల్ మొహమ్మద్ సాహెబ్ గారు.

వారు తమిళ ముస్లిములు. అంతమాత్రాన మనకు పరాయివారు కారు. 1960 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసేదాకా సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలోనే ఉండేది. మన పెద్దలకు పట్నం అంటే చెన్నపట్నమే. అందుచేత వారి జీవితాన్ని మన పిల్లలకు చెప్పుకోవడం సబబు.

సాహెబు గారి తండ్రి హాజీ జమాల్ మొహియుద్దీన్ గారు పెరంబూరు వద్ద జమాలియా మదరసా స్థాపించిన పుణ్యాత్ములు. ఆ మదరసా పేరే పేటకు కూడా వచ్చి, నేటికీ దాన్ని జమాలియా అనే పిలుస్తున్నారు. కొడుకు తండ్రి వ్యాపారంతోబాటు తండ్రి ఆశయాన్ని కూడా అందిపుచ్చుకున్నారు. తోళ్ళ వ్యాపారం తేలికైనది కాదు. వాసనకు ముక్కు మూసుకునేవారు ఒకవైపు, ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు పడిపోతుందో తెలియని లండన్ ధర ఒకవైపు. 1914లో మొదలైన యుద్ధకాలంలో సిపాయిల బూట్లకు మద్రాసు తోలు ఎగబడి కొన్నారు. యుద్ధం అయిపోగానే బేరం చల్లబడింది. అటువంటి ఆటుపోట్ల మధ్య కూడా నిబ్బరం చెదరకుండా నిలబడాలంటే అల్లాహ్ మీద భరోసా, రేపటి మీద ఆశ రెండూ ఉండాలి. సాహెబు గారికి రెండూ ఉండినవి.

ఇక వారు చేసిన మహత్కార్యం చెప్పుకోవాలి. 1924లో ఖిలాఫత్ రద్దయిన తర్వాత దేశమంతటా ముస్లిముల మనస్సులు కుంగిపోయి ఉన్నాయి. ఇంగ్లీషు చదివిన కుర్రవాళ్ళకు మదరసా మాట రుచించదు, మదరసా చదివినవారికి సైన్సు అంటే బెదురు. ఆ రోజుల్లో మద్రాసులో క్రైస్తవ విద్వాంసుల చేత ఏటేటా ఉపన్యాసాలు జరిపించేవారు. అది చూసి మన పెద్దలు అసూయపడలేదు, తగవు పెట్టుకోలేదు. మంచి పద్ధతి, మనమూ చేద్దామనుకున్నారు. దక్షిణ భారత ముస్లిం విద్యా సంఘం పూనుకోగా, దానికి వెన్నెముకగా నిలిచింది జమాల్ మొహమ్మద్ సాహెబు గారే.

1925లో మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ గారిని పిలిపించారు. వారు ప్రవక్త (స) జీవితం మీద ఉర్దూలో ఎనిమిది ఉపన్యాసాలిచ్చారు. అవే ఖుత్బాతె మద్రాస్ అనే గ్రంథమైనాయి. 1927లో హైదరాబాదు నుంచి మార్మడ్యూక్ పిక్తాల్ గారు వచ్చి ఇస్లాం సంస్కృతి మీద మాట్లాడారు. 1929 జనవరిలో అల్లామా ఇక్బాల్ గారు లాహోరు నుంచి ఇంత దూరం వచ్చి మూడు ఉపన్యాసాలిచ్చారు. వాటికి మరి మూడు చేర్చగా 1930లో పుస్తకమై లోకమంతా ప్రసిద్ధి చెందింది. ఇంత పెద్ద వర్తకుడు ఇంత సాదా దుస్తులలో ఉండడం, దీన్ సంగతులూ సైన్సు సంగతులూ ఒకే శ్రద్ధతో మాట్లాడడం చూసి అల్లామా వంటివారే మెచ్చుకున్నారట. చూడండి, పెరియమేట్‌లో తోళ్ళమ్మిన పైకం లోకానికి పుస్తకాలై అందింది!

దేశభక్తిలోనూ వారు వెనుకంజ వేయలేదు. తన సరుకు కొనేది లండన్ అయినా, మొగ్గు మాత్రం స్వదేశం వైపే. రూపాయి మారకం రేటును 18 పెన్నీలకు కట్టినందువల్ల మన ఎగుమతులకు నష్టమని దేశీయ వర్తకులు గట్టిగా పోరాడుతున్న కాలమది. భారత వాణిజ్య పారిశ్రామిక మండలుల సమాఖ్య 1927లో ఏర్పడింది. 1930 నాటి మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ వెళ్ళనందున ఆ సమాఖ్య కూడా దూరంగా ఉంది. 1931లో గాంధీజీ వెళ్ళారు. అప్పుడు సమాఖ్య పక్షాన ఘనశ్యామదాస్ బిర్లా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ గార్లతోబాటు వెళ్ళినవారు మన జమాల్ మొహమ్మద్ సాహెబు గారు. 1931-32లో ఆ సమాఖ్య అధ్యక్ష పదవి కూడా వారినే వరించింది. ఒక మద్రాసు ముస్లిం వర్తకుడిని యావద్భారత వర్తకులూ తమ పెద్దగా కూర్చోబెట్టుకున్నారంటే, ఆ మనిషి నిజాయితీ మీద వారికి ఎంత గురి ఉండాలి!

ఆ సమావేశం వల్ల స్వరాజ్యం రాలేదు. గాంధీజీ తిరిగివచ్చిన కొద్ది రోజులకే, 1932 జనవరిలో, మళ్ళీ జైలు పాలయ్యారు. అయినా మంచి కోసం వేసిన అడుగు వృథా పోదు. స్వరాజ్యమూ వచ్చింది, సాహెబు గారి పేరూ నిలిచింది. 1951లో తిరుచిరాపల్లిలో ఖాజామియాన్ రావుత్తర్ గారి వంటి దాతల తోడ్పాటుతో జమాల్ మొహమ్మద్ కళాశాల వెలసింది. అన్ని మతాల పిల్లలూ అందులో చదువుకుంటున్నారు.

సోదర సోదరీమణులారా! మనలో లక్షాధికారులు ఎందరున్నారని అనుకోవద్దు. సాహెబు గారి వద్ద నేర్చుకోవలసింది ఎంత ఇచ్చారన్నది కాదు, దేనికి ఇచ్చారన్నది. పెళ్ళి పందిళ్ళకూ విందులకూ పోసే దానిలో కొంత తగ్గించి, ఏటా ఒక బిడ్డకు ఫీజు కట్టినా, మన ఊరికి ఒక విద్వాంసుణ్ణి పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పించినా అదే వారికి నిజమైన నివాళి. అల్లాహ్ తఆలా వారికి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక, మనకు ఆ బాటలో నడిచే తౌఫీఖ్ ఇచ్చుగాక. ఆమీన్.