ఆ జోలెలో పడ్డ ముద్ద

నైట్‌షిఫ్టు దిగొచ్చినా సరే, మావారు ఘంటసాల పాట వినందే పడుకోరు. మా ఉక్కునగరం క్వార్టర్లలో సగంమంది అంతే. నాకేమో ఆ గొంతు వింటే మా విశాఖ పక్కనున్న విజయనగరం ఇల్లాళ్లు గుర్తొస్తారు.

1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న ఆ పిల్లాడు, వేలి ఉంగరం అమ్ముకుని సంగీతం కోసం అక్కడికొచ్చాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పాఠం చెప్పారు. మరి కడుపో? మధుకరమే! జోలె పట్టుకుని వాకిట నిలబడితే ఏ తల్లో ఇంత అన్నం, ఇంత పప్పు వేసేది. వాళ్లిళ్లలో మాత్రం మిగిలిపోయి ఉండేదా ఏమిటి?

1942 ఉద్యమంలో జైలు, తర్వాత మద్రాసు, 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’, 1974లో కన్నుమూత... ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ ముద్ద వేసిన అమ్మల పేర్లే ఏ రికార్డు మీదా అచ్చు కాలేదు.