రిటైరయ్యాకే పేరు తెచ్చుకున్న మినార్

పదవీ విరమణ పనికి విరమణ కాదని చాటిన వారిలో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు షార్ల్ జోసెఫ్ మినార్ ఒకరు.

ఆయన 1781లో జన్మించారు. ప్రభుత్వ కొలువులో చేరి కాలువలు, రేవుల పనులు చూశారు. ఇంజనీరింగు విద్యార్థులకు పాఠాలు కూడా చెప్పారు. 1851లో, 70 ఏళ్ల వయసులో రిటైరయ్యారు. ఆయనకు పేరు తెచ్చిన పటాల్లో ఎక్కువ భాగం ఆ తరువాత గీసినవే.

మన సర్వీసంతా స్టేట్‌మెంట్లు రాయడంతోనే సరిపోయింది. వాటిని ఇష్టపడి చదివినవారెవరు? మినార్ అటువంటి సర్కారు లెక్కలనే పిల్లలు కూడా మురిసి చూసే బొమ్మలుగా మార్చారు. పారిస్ నగరానికి ఏ ప్రాంతం నుంచి ఎంత మాంసం వస్తోందో 1858లో గుండ్రని బిళ్లలతో చూపారు. ఓడల్లో పోయే వైన్‌ను పటం మీద నదీపాయల్లా గీశారు. సరుకు ఎక్కువైతే పాయ వెడల్పు, తక్కువైతే సన్నం. అమెరికా అంతర్యుద్ధకాలంలో (1861–65) అక్కడి పత్తి తగ్గి, మన దేశపు పత్తి ఐరోపాకు ఎలా పెరిగిందో కూడా ఈ పద్ధతిలోనే చూపారు.

1869లో, 88 ఏళ్ల వయసులో, నెపోలియన్ 1812 నాటి రష్యా దండయాత్రను గీశారు. వెళ్లేటప్పుడు 4,22,000 మంది సైనికులను తెలిపే వెడల్పాటి పట్టీ, తిరిగి వచ్చేసరికి 10,000 మందిని తెలిపే సన్నని గీత. చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు.

1870లో ప్రష్యా సేనలు పారిస్ వైపు రాగా, సగంలో ఉన్న పనిని వెంటబెట్టుకుని బోర్డో చేరారు. ఆ అక్టోబరులోనే అక్కడ కన్నుమూశారు.

మన ఇంటి కరెంటు బిల్లులతో మనుమలకు అటువంటి పాయ ఒకటి గీసి చూపుదాం.