అంకెలకు రంగులద్దిన దయామయి

దీపధారిణిగా లోకమెరిగిన ఫ్లోరెన్స్ నైటింగేల్ గణితాభిమాని యని యెరిగినవారు కొలదిమందియే. ఈమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరమున ఒక సంపన్నమైన ఆంగ్ల కుటుంబమునందు జన్మించెను. 1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు పరిచర్య సేయుటకై 38 మంది నర్సులతో స్కుటారి ఆసుపత్రికి చేరెను. అచట గాయములకంటె కలరా, రక్తవిరేచనములు, విషజ్వరములవలన మరణించువారే అధికముగ నుండిరి. 1855లో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘము మురుగుకాలువలను శుభ్రపరపగా మరణములు తగ్గెను.

యుద్ధానంతరము ఈ సత్యమును పాలకులకు నచ్చజెప్పవలసి వచ్చెను. అంకెల పట్టికలను చదువనివారికిని చిత్రము బోధపడునని యామె తలచెను. గణాంకవేత్త విలియం ఫార్ సాయముతో 1858లో ఏడాదికొక వృత్తముగ, నెలకొక భాగముగ చిత్రమును సిద్ధపరచెను. మరణముల సంఖ్యననుసరించి భాగముల వైశాల్యము హెచ్చుచు తగ్గుచు నుండును. నివారింపదగిన వ్యాధులకు నీలము, గాయములకు ఎరుపు, ఇతర కారణములకు నలుపు. చూచినవారి కన్నులకు మొదట కనబడునది నీలమే. సైనికుల ఆరోగ్యసంస్కరణలకు ఆ చిత్రము బలము చేకూర్చెను. 1910లో ఆమె పరమపదించెను.

నేడు కంప్యూటరులో పట్టికను నింపి మీట నొక్కినంతనే చిత్రము సిద్ధమగును. అది ఏ సత్యమును చూపవలెనో నిర్ణయించుట మాత్రము నేటికిని మానవుని పనియే.