ఫారడే పండితుని స్వాతంత్ర్యము

మోటారు త్రిప్పి బావినుండి నీరు తోడుకొను రైతును, మీట నొక్కి దీపము వెలిగించుకొను పట్టణవాసియు మైకేల్ ఫారడేకు ఋణపడియున్నవారే. ఆయన కనిపెట్టిన సంగతులు పాఠశాల పుస్తకములలో నున్నవి. వానిని కనిపెట్టుటకై ఆయన వదలుకొనినవేవో ఆ పుస్తకములు అంతగా చెప్పవు. మాకు ముఖ్యముగా తోచునది ఈ రెండవ సంగతియే.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున నొక కమ్మరి యింట జన్మించెను. చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు: బడిచదువు అంతటితో సరి. పదునాలుగవ యేట రీబో యను పుస్తక వ్యాపారి యొద్ద అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒడంబడికపై చేరెను. అట్టకట్టుటకు వచ్చిన పుస్తకములనే చదువ నారంభించెను. బ్రిటానికా విజ్ఞానసర్వస్వములోని విద్యుత్తును గూర్చిన వ్యాసమును, మార్సెట్ అను విదుషి రచించిన రసాయనశాస్త్ర సంభాషణలును ఆతని మనస్సును పట్టుకొన్నవి. చదివినదానిని కొలది కాసులతో కొనిన సామగ్రితో స్వయముగా పరీక్షించి చూచుకొనెడివాడు. ఇట్లు చేయుమని చెప్పినవారు లేరు; చేసినందుకు కూలి యిచ్చువారును లేరు.

1812లో అంగడికి వచ్చు ఒక పెద్దమనిషి దయవలన హంఫ్రీ డేవీ ఉపన్యాసములు వినుటకు టికెట్లు దొరకెను. విన్నదంతయు శుభ్రముగా వ్రాసి, పటములు గీచి, తానే అట్టకట్టి డేవీకి పంపెను. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుని కొలువు లభించెను. ఆ సంవత్సరమే డేవీ దంపతులతో ఐరోపా యాత్రకు పోయినప్పుడు సేవకుని పనులును నెత్తిన బడెను. దొరసాని ఆతనిని సేవకునిగానే చూచెను. ఆ యాత్రలోనే ఆంపియర్, వోల్టా మొదలగువారి దర్శనమైనది గనుక ఫారడే సహించెను.

1825 మొదలు రాయల్ సొసైటీవారి సంఘమొకటి దూరదర్శినులకు మేలైన గాజు తయారుచేయు పనిని ఫారడేకు అప్పగించెను. గౌరవప్రదమైన పనియే. కొలిమి కట్టించి కొన్ని సంవత్సరములు శ్రద్ధతో చేసెను. ఫలితము మాత్రము శ్రమకు తగినంతగా రాలేదు. 1821లోనే విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టును తిరుగునట్లు చేసి చూపిన మనుష్యుడు, తన ప్రశ్నలను మనస్సున అణచుకొని ఇతరుల ప్రశ్నకు కాపలా కాయవలసి వచ్చెను. 1831 జూలైలో సొసైటీకి లేఖ వ్రాసి, స్వంత యోచనలను సాగించుకొను అవకాశము కోరి, గాజుపనిని ప్రక్కకు పెట్టెను. ఆగస్టు 29వ తేదీన ఇనుప కడియమునకు ఇరువైపుల రాగితీగలు చుట్టి, ఒక తీగలో విద్యుత్తును పంపిన క్షణమునను, ఆపిన క్షణమునను రెండవ తీగలో ప్రవాహము పుట్టుట కనుగొనెను. అక్టోబరులో అయస్కాంతమును తీగచుట్టలోనికి దూర్చి, తీసి, అదే ఫలితము పొందెను. నేటి విద్యుత్కేంద్రములలోని జనరేటర్లు ఆ ప్రయోగముల సంతానమే. కాకతాళీయమనువారు అనవచ్చును, మాకట్లు తోచదు.

ధనము మాట. వ్యాపారులకు రసాయన పరీక్షలు చేసిపెట్టుటచే ఆ దినములలో ఆయనకు ఏటికి సుమారు 1,000 పౌనులు వచ్చుచుండెనని ఆయన మిత్రుడు టిండాల్ లెక్కలు చూచి వ్రాసెను. ఇన్‌స్టిట్యూషన్ జీతము 100 పౌనులు. నివాసము, బొగ్గు, దీపములు అదనము. ఈ క్రొత్త మార్గము కానవచ్చినంతనే పరీక్షల రాబడిని తగ్గించుకొనెను. 1832లో అది 155 పౌనులకు దిగినది. బిడ్డలు లేని సంసారము, ధనసంచయమును మెచ్చని మతశాఖ ఆయనకు తోడ్పడినమాట నిజమే. ఐనను అట్టి సౌకర్యములున్న వారందరును ఫారడేలు కాలేదు.

1971లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ డెసీ విద్యార్థులచే చిక్కుబొమ్మలు పేర్పించి, వేడుకగా చేయుచున్న పనికి డబ్బిచ్చి మాన్పినపిమ్మట వారి ఆసక్తి సన్నగిల్లుటను ప్రకటించెను. బిడ్డ అక్షరాభ్యాసము నాడే ఉద్యోగపు జీతమును లెక్కించు మన పెద్దలు ఇది ఆలోచింపదగినది. 1947లో దేశమునకు వచ్చిన స్వాతంత్ర్యము మన పాఠశాలల తరగతి గదులలోనికి ఇంకను పూర్తిగా రాలేదు.

ఫారడే ధనద్వేషి కాడు. దీపస్తంభముల సంస్థకు సలహాదారుగా జీతము పుచ్చుకొనెను. 1835లో ప్రభుత్వము 300 పౌనుల పింఛను ఇయ్యదలచినప్పుడు, ప్రధాని మెల్బోర్న్ పండితులకిచ్చు పింఛనులను తేలికచేసి మాటలాడగా, ఆయన వెంటనే నిరాకరించెను. ప్రధాని క్షమాపణ వ్రాసినపిమ్మటనే అంగీకరించెను. నైట్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని వలదనెను.

ఒక విచిత్రము చెప్పవలసియున్నది. విసుగు పుట్టించిన ఆ గాజు తునకయే 1845లో ఆయనకు అక్కరకు వచ్చెను. దానిగుండ కాంతిని పంపి, అయస్కాంతము కాంతి కంపనముల తలమును త్రిప్పునని నిరూపించెను. పరుల యాజ్ఞచే చేసిన గాజు, తన ప్రశ్న తోడైనపుడు పలికినది.

1858లో రాణి విక్టోరియా హాంప్టన్ కోర్టులో ఇచ్చిన యింట ఫారడే వార్ధక్యమును గడపి, 1867 ఆగస్టు 25వ తేదీన కన్నుమూసెను. హైగేటులోని సమాధి రాతిపై ఆయన పేరును, పుట్టిన తేదీయు, మరణించిన తేదీయు మాత్రమే చెక్కబడియున్నవి.