కొలత తెలిసిన మనిషి: జోసెఫ్ విట్‌వర్త్

పిల్లలూ, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ఇంట్లో చివరి రోజు విప్పేది మంచం. ఈ సంగతి మీకు మేము చెప్పనక్కర్లేదు. విప్పిన బోల్టులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచి ఏ పెట్టెలో పెట్టామో మర్చిపోవడం కూడా మామూలే. కిందటి బదిలీలో మాకూ అదే జరిగింది. రెండు రాత్రులు పరుపు నేలమీదే వేసుకుని, మూడో రోజు కొత్త ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టు వెతుక్కుంటూ వెళ్లాం. మా చేతిలో ఉన్నది ఒక్క నట్టు. కొట్టతను దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, డబ్బాలోంచి నాలుగు పావంగుళం బోల్టులు తీసిచ్చాడు. ఉత్తరాదిన వాటిని దో సూత్ బోల్టులు అంటారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మంచం చేయించింది విజయవాడలో. బోల్టు దొరికింది అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైన. అయినా మర బిగుసుకోకుండా, వదులు కాకుండా హాయిగా ఎక్కింది.

ఒక ఊళ్లో చేసిన బోల్టుకి ఇంకో ఊళ్లో చేసిన నట్టు పట్టడం వింతేమీ కాదని మనకు అనిపిస్తుంది. నూట తొంభై ఏళ్ల కిందట అది నిజంగా వింతే. ఆ రోజుల్లో ఏ వర్క్‌షాపు మర దానిదే. యంత్రంలో ఒక్క బోల్టు పోతే, దాన్ని చేసినవాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లాలి. ఆ గందరగోళాన్ని సరిచేసినవాడు జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు మెకానిక్కు. ఆయనే ఒక తుపాకి కూడా తయారుచేశాడు. మీలో ఎన్.సి.సి.లో చేరి పాయింట్ టూటూ రైఫిల్‌తో గురి చూసినవాళ్లు ఉన్నారు కదా, ఈ కథలో ఆ సగం మీకు ఇంకా బాగా నచ్చుతుంది.

విట్‌వర్త్ 1803 డిసెంబరు 21న మాంచెస్టర్ పక్కనున్న స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. తండ్రి బడిపంతులు, చర్చి బోధకుడు కూడా. జోసెఫ్‌కి పదేళ్లు దాటగానే తల్లి చనిపోయింది. ఇల్లు చెదిరింది. పన్నెండేళ్లప్పుడు లీడ్స్ దగ్గర ఐడిల్ అనే ఊళ్లో బడికి పంపారు. పద్నాలుగేళ్లకి డెర్బీషైర్‌లో నూలు మిల్లు నడిపే మామ దగ్గర పనిలో పెట్టారు. మిల్లు లెక్కలూ వ్యాపారమూ నేర్చుకుని అక్కడే స్థిరపడతాడని పెద్దవాళ్ల ఆశ. కుర్రాడికి మాత్రం కళ్లన్నీ మిల్లులోని యంత్రాల మీదే. కొన్నాళ్లకి ఆ ఊరు వదిలేసి మాంచెస్టర్ వెళ్లి మామూలు మెకానిక్కుగా చేరాడు. ఇరవై ఏళ్లు నిండకముందే నాలుగు ఊళ్లు చూశాడన్నమాట. మీలో కొందరితో పోలిస్తే అదీ తక్కువే!

1825లో పెళ్లయ్యాక లండన్ చేరాడు. అప్పట్లో యంత్రాల పని నేర్చుకోవడానికి హెన్రీ మాడ్స్‌లే వర్క్‌షాపుని మించిన బడి లేదు. తర్వాత జోసెఫ్ క్లెమెంట్ దగ్గర కూడా చేశాడు. చార్లెస్ బాబేజ్ లెక్కలు కట్టే యంత్రం తయారవుతున్నది అక్కడే. ఆ బాబేజ్ పేరు మీ కంప్యూటర్ పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉంటుంది.

మాడ్స్‌లే దగ్గరున్నప్పుడే విట్‌వర్త్‌కి ఒక పట్టుదల మొదలైంది. నిజంగా చదునుగా ఉండే ఇనుప పలక చేయాలి. వినడానికి చిన్న విషయమే. కానీ చదునుగా ఉందో లేదో చూడటానికి పక్కన పెట్టే స్కేలే వంకరగా ఉంటే ఎలా? రెండు పలకల్ని ఒకదానితో ఒకటి రుద్దితే రెండూ చక్కగా అతుక్కుంటాయి. అంతమాత్రాన అవి చదునైనవి కావు. ఒకటి పళ్లెంలా గుంటపడి, రెండోది దానికి సరిపోయేలా ఉబ్బి ఉన్నా అలాగే అతుకుతాయి. కాబట్టి మూడు పలకలు కావాలి. మొదటిది గుంటగా ఉంటే, దానికి అతికేలా చేసిన రెండోదీ మూడోదీ రెండూ ఉబ్బి ఉంటాయి. ఆ రెంటినీ కలిపి చూడగానే మోసం బయటపడిపోతుంది. ఏ రెంటిని కలిపినా అతికాయంటే మూడూ చదునైనవే. ఒక పలకకు రంగు పూసి రెండోదాని మీద ఆనిస్తే, మిట్టగా ఉన్న చోటే రంగు అంటుతుంది. ఆ చోటును ఉలిలాంటి పరికరంతో గీకాలి. మళ్లీ రంగు, మళ్లీ గీకుడు. అప్పటిదాకా అందరూ ఎమరీ పొడితో రుద్దేవారు. ఆ పొడి మిట్టనీ పల్లాన్నీ కూడా అరగదీస్తుంది. గీకడమే సరైన దారి అని విట్‌వర్త్ చేసి చూపించాడు. మా తరగతిలో మూడు అట్టముక్కలతో ఈ ఆట ఆడించాం. మీరూ ఆడి చూడండి.

1833లో మాంచెస్టర్ తిరిగొచ్చి, చిన్న చోటు అద్దెకు తీసుకుని సొంత పని మొదలుపెట్టాడు. మరల సంగతి అప్పుడు పట్టుకున్నాడు. తన మరే గొప్పదని అందరి మీదా రుద్దలేదు. దేశంలోని ఎన్నో వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, వాటి సగటు తీశాడు. మర కోణం 55 డిగ్రీలు. పావంగుళం బోల్టుకి అంగుళానికి 20 చుట్లు, అరంగుళం బోల్టుకి 12. 1841లో ఈ పద్ధతిని ఇంజనీర్ల సభ ముందు పెట్టాడు. రైల్వేలు ఒప్పుకున్నాయి, ఓడలు కట్టేవాళ్లూ ఒప్పుకున్నారు. ఆ రైళ్లతో పాటే ఆ మర మన దేశానికీ వచ్చింది.

ఇంకో యంత్రం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని లెక్క మీరే కట్టగలరు. అంగుళానికి 20 చుట్లున్న స్క్రూ ఒకటి. దాన్ని తిప్పే చక్రానికి 200 పళ్లు. ఆ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున కదిపే రెండో చక్రం అంచు మీద 250 గీతలు. 20ని 200తో, వచ్చినదాన్ని 250తో హెచ్చించండి. పది లక్షలు. అంటే రెండో చక్రం ఒక్క గీత జరిగితే స్క్రూ అంగుళంలో పది లక్షల వంతు జరుగుతుంది. 1851 లండన్ ప్రదర్శనలో విట్‌వర్త్ కొలత యంత్రాన్ని జనం వచ్చి చూశారు.

ఇక తుపాకి. 1854లో క్రిమియా యుద్ధం నడుస్తోంది. రైఫిళ్లు చేయడానికి యంత్రాలు కట్టివ్వమని ప్రభుత్వం విట్‌వర్త్‌ని అడిగింది. ఇంకెవరైనా అయితే ఆర్డరు పుచ్చుకుని పని మొదలుపెట్టేవారు. ఆయన మాత్రం అసలు మంచి రైఫిల్ అంటే ఏదో తేలాకే యంత్రాల మాట అన్నాడు. గొట్టం లోపలి వెడల్పు ఎంత ఉండాలి, లోపలి గాడి ఎంత పొడవుకి ఒక చుట్టు తిరగాలి అంటే అప్పటి తుపాకి పనివాళ్లలో తలా ఒక మాట చెప్పేవారు. ఎవరి దగ్గరా కొలతలు లేవు.

అందుకని మాంచెస్టర్ శివార్లలో ఆయన ఇంటి దగ్గర 500 గజాల పొడవున, అంటే సుమారు 457 మీటర్ల పొడవున, కప్పుతో సహా ఒక కాల్పుల శాల కట్టారు. ఖర్చు ప్రభుత్వానిది. లోపల గాలి తూటాను పక్కకు నెట్టకూడదని ఆ ఏర్పాటు. కట్టీ కట్టగానే పెనుగాలి వచ్చి దాన్ని కూలగొట్టింది. మళ్లీ కట్టారు. 1855లో పరీక్షలు మొదలయ్యాయి. దారి పొడవునా పల్చటి కాగితపు తెరలు వేలాడదీశారు. తూటా ఒక్కో తెరను చిల్లుచేసుకుంటూ పోతుంది. ఆ చిల్లుల్ని వరసగా చూస్తే అది ఎక్కడ తిన్నగా వెళ్లిందో, ఎక్కడ తడబడిందో తెలిసిపోతుంది. గాడి తిప్పు మార్చి మార్చి చూశాడు. అంగుళానికే ఒక చుట్టు తిరిగే గొట్టాన్ని కూడా వదల్లేదు.

ఎక్కువ దూరం గురి తప్పకూడదంటే తుపాకిని బరువుగా చేయడం ఒక దారి. గొట్టం మందంగా ఉంటే కదలిక తగ్గుతుంది. కానీ దాన్ని మనిషి మోయాలి, భుజానికెత్తాలి. విట్‌వర్త్ ఇంకో దారి పట్టాడు. అప్పటి సైన్యం తుపాకి ఎన్‌ఫీల్డ్. దాని గొట్టం వెడల్పు 0.577 అంగుళాలు. ఆయన దాన్ని 0.451కి తగ్గించాడు. తూటా బరువు మాత్రం తగ్గించలేదు, ఎన్‌ఫీల్డ్ లాగే 530 గ్రెయిన్లు, సుమారు 34 గ్రాములు. బరువు అదే, వెడల్పు తక్కువ, కాబట్టి తూటా పొడుగైంది. సన్నటి తూటాకి గాలి అడ్డు తక్కువ. అయితే పొడుగాటి తూటా గాలిలో తలకిందులవకుండా ఉండాలంటే వేగంగా తిరగాలి. బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది కదా, అలాగన్నమాట. అందుకే ఎన్‌ఫీల్డ్ గాడి 78 అంగుళాలకి ఒక చుట్టు తిరిగితే, విట్‌వర్త్ గాడి 20 అంగుళాలకే ఒక చుట్టు తిరిగేది. గొట్టం లోపల గుండ్రంగా కాక ఆరు పలకలతో ఉండేది. తూటాని కూడా దానికి సరిపోయేలా ఆరు పలకలతోనే చేశారు. మాకు అడుగడుగునా కనిపించేది ఆ మూడు పలకల మనిషే. ఆరు పలకల గొట్టంలో ఆరు పలకల తూటా జారాలంటే, మాటలా!

1857 ఏప్రిల్‌లో హైత్ అనే చోట రెండు తుపాకులకీ పోటీ పెట్టారు. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ తూటాలు సగటున 2.24 అడుగులు పక్కకు పోతే, విట్‌వర్త్ తూటాలు 0.37 అడుగులే పోయాయి. 800 గజాల దగ్గర 4.11కి 1.00. 1400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ లెక్కలోకే రాలేదు. ఆ ఎన్‌ఫీల్డ్ పేరు మీరు చరిత్ర పాఠంలో విన్నారు. కొవ్వు పూసిన తూటాల వల్ల మన సిపాయిలు ముట్టుకోనన్న తుపాకి అదే. హైత్‌లో పోటీ జరిగిన మరుసటి నెల, మే 10న, మీరట్‌లో తిరుగుబాటు మొదలైంది.

ఇంత గెలిచినా సైన్యం విట్‌వర్త్ తుపాకి తీసుకోలేదు. గొట్టం మరీ సన్నమన్నారు. తుపాకిమందు మసి పేరుకుంటే తూటా దిగడం కష్టమన్నారు. ధర కూడా ఎక్కువే. మసి సంగతిలో వాళ్ల మాట నిజమే. విట్‌వర్త్ కూడా రాజీపడే మనిషి కాదు, తన కొలత ఒక్క వెంట్రుకవాసి మారిస్తే ఒప్పుకునేవాడు కాదు. కమిటీలతో పనిచేయడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. తీరా 1871లో వచ్చిన సైన్యం తుపాకి మార్టినీ-హెన్రీ గొట్టం 0.45 అంగుళాలే.

సైన్యం కాదన్న తుపాకిని పోటీలవాళ్లు ఎత్తుకున్నారు. 1860 జులై 2న వింబుల్డన్ మైదానంలో జాతీయ రైఫిల్ సంఘం మొదటి పోటీలు జరిగాయి. ఇప్పుడు టెన్నిస్‌కి పేరున్న వింబుల్డనే. విట్‌వర్త్ రైఫిల్‌ని ఇనుప చట్రం మీద బిగించి, 400 గజాల దూరానికి గురి కుదిర్చారు. విక్టోరియా రాణి పట్టుతాడు లాగింది. తూటా గురి మధ్య నుంచి అంగుళంన్నర లోపే తగిలింది. రాణి పేరు మీద పెట్టిన 250 పౌన్ల బహుమతికి చివరి దశలో 800 నుంచి 1000 గజాల దూరం కాల్చాలి. అందుకు పోటీదారులందరికీ విట్‌వర్త్ రైఫిళ్లే ఇచ్చారు. ఎడ్వర్డ్ రాస్ అనే కుర్రాడు గెలిచాడు.

ఆరు పలకల గొట్టం ఎక్కువ కాలం నిలవలేదు. 1865లో విలియం మెట్‌ఫర్డ్ లోతులేని గాడులతో, గట్టి తూటాతో ఇంకా తేలికగా నడిచే పోటీ రైఫిల్ చేశాడు. ఈయన 1857లో బీహార్‌లోని ముంగేర్‌లో రైల్వే ఇంజనీరుగా ఉన్నవాడే. సన్నటి గొట్టం, పొడుగాటి తూటా, వేగమైన తిప్పు అన్న లెక్కని మాత్రం ఎవరూ మార్చలేదు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రైఫిళ్లలో కొన్ని సముద్రం దాటి అమెరికా అంతర్యుద్ధానికి వెళ్లాయి. బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన దక్షిణాది రాష్ట్రాల గురికాళ్లకి అవి చేరాయి. 1864 మే 9న స్పాట్సిల్వేనియా దగ్గర ఉత్తరాది సేనాని జాన్ సెడ్జ్‌విక్ చాలా దూరం నుంచి వచ్చిన తూటాకి చనిపోయాడు. అది విట్‌వర్త్ తుపాకిదేనని చాలామంది నమ్ముతారు. కాగితపు తెరల మధ్య అంత శ్రద్ధగా వెతికిన తిన్నని దారి ఒక మనిషి దగ్గర ఆగింది. ఈ భాగం చెప్పినప్పుడు తరగతిలో ఒక పాప, మరి ఆయన ఆ తుపాకి ఎందుకు చేశాడని అడిగింది. ఆమె తండ్రి అప్పుడు సరిహద్దు పోస్టింగులో ఉన్నాడు. ఆ రోజు మేము పాఠం ముందుకి నడపలేకపోయాం.

1868లో విట్‌వర్త్ లక్ష పౌన్లు తీసి పక్కన పెట్టాడు. ఏడాదికి వంద పౌన్ల చొప్పున ముప్పై మంది కుర్రాళ్లకి స్కాలర్‌షిప్పులు. పరీక్షలో లెక్కలూ సైన్సూ ఉంటాయి, ఆకురాయి పట్టి పని కూడా చేసి చూపించాలి. పుస్తకం ఒక్కటే వచ్చినవాడికీ, చేతిపని ఒక్కటే వచ్చినవాడికీ అది దక్కదు. ఆ స్కాలర్‌షిప్పులు ఈనాటికీ ఇస్తున్నారు. మరుసటి ఏడాది ఆయనకి సర్ బిరుదు వచ్చింది. చివరి రోజుల్లో ఆరోగ్యం కోసం మాంటీ కార్లో వెళ్లి, అక్కడే 1887 జనవరి 22న కన్నుమూశాడు. డెర్బీషైర్‌లోని డార్లీ డేల్‌లో సమాధి చేశారు. నూలు మిల్లు వదిలి బయల్దేరిన కుర్రాడు మళ్లీ ఆ జిల్లాకే చేరాడు.

ఈ ఏడాది గ్రూప్ ఫోటో రోజున ఫోటోగ్రాఫర్‌ని అడిగి, కెమెరా కింద స్టాండులో ఉండే స్క్రూ ఒకసారి చూడండి. అది పావంగుళం స్క్రూ. కోణం ఇప్పుడు 60 డిగ్రీలకు మారింది. పక్కన స్కేలు పెట్టి, పావంగుళం పొడవులో చుట్లు లెక్కపెట్టండి. ఐదు ఉంటాయి.