గామా కెమెరా నిర్మాత హాల్ యాంగర్

ఎలవూరు ప్రాంతం నుండి చెన్నైకో తిరుపతికో వెళ్ళి, అక్కడి పెద్ద ఆసుపత్రులలో థైరాయిడ్ గ్రంథికో, మూత్రపిండాలకో, ఎముకలకో స్కానింగ్ చేయించుకొని వచ్చేవారున్నారు. రోగి శరీరంలోనికి స్వల్పంగా రేడియోధార్మిక ఔషధాన్ని పంపి, అది చేరిన అవయవం నుండి వెలువడే గామా కిరణాలను చిత్రంగా మలచే యంత్రమే గామా కెమెరా. దానిని వైద్యలోకానికి అందించిన మేధావి హాల్ యాంగర్.

1920లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జన్మించిన యాంగర్, 1943లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పొందారు. యుద్ధకాలంలో శత్రువుల రాడార్లను వమ్ముచేసే పరికరాలపై కృషి సలిపి, 1946లో బర్క్‌లీలోని డోనర్ ప్రయోగశాలలో చేరారు. ఆయన వైద్యులు కారు. ఆ తొలి పట్టాకు మించి చదివి పొందిన పట్టా మరొకటి లేదు.

ఆనాడు బెనెడిక్ట్ కాసెన్ రూపొందించిన స్కానరు వాడుకలో ఉండేది. పొలంలో నాగలి సాలు వెంట సాలు సాగినట్లు అది అవయవంపై అటూ ఇటూ కదులుతూ చిత్రాన్ని పూర్తిచేసేది. అంతవరకు రోగి కదలకుండా పడుకోవలసిందే. క్షణక్షణమూ మారే రక్తప్రవాహం వంటివి దానికి చిక్కేవి కావు. అవయవమంతటినీ ఒక్కసారిగా చూడగల కెమెరా కోసం యాంగర్ తపించారు. అయితే గామా కిరణాలను వంచగల కటకం లేదు. 1952లో సీసపు తొడుగుకు సన్నని రంధ్రం చేసి ఫోటో ఫిల్ముపై చిత్రం పట్టారు గాని, అందుకు ఔషధమూ కాలమూ అధికంగా కావలసి వచ్చాయి.

1957 నాటి కెమెరాలో 4 అంగుళాల సోడియం అయొడైడ్ స్ఫటికాన్ని, దాని వెనుక 7 ఫోటోమల్టిప్లయర్ గొట్టాలను అమర్చారు. గామా కిరణం తాకగానే స్ఫటికంలో మెరిసే వెలుగు దగ్గరి గొట్టానికి ఎక్కువగా, దూరపు గొట్టానికి తక్కువగా అందుతుంది. ఆ హెచ్చుతగ్గులను విద్యుత్ వలయం బేరీజు వేసి, మెరుపు పుట్టిన చోటును నిర్ణయిస్తుంది. గొట్టాలు ఏడే గాని, గుర్తించగల చోట్లు ఏడు కావు! తోచిన తరువాత ఎంత సులువుగా కనబడుతుందో ఈ ఉపాయం.

1958లో వైద్యసభలలో ప్రదర్శించినప్పటికీ, చిత్రం చిన్నదని పలువురు పాత స్కానరునే నమ్ముకొన్నారు. విక్రయానికి తయారైన తొలి కెమెరా 1962లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చేరింది. ఆపై టెక్నీషియం-99ఎం వాడుకలోకి రావడంతో దానికి తిరుగులేకపోయింది. 6 గంటలలో సగానికి తగ్గే ఆ పదార్థపు కిరణాలు పలుచని స్ఫటికానికి చక్కగా చిక్కుతాయి. సీసపు పలకలోని రంధ్రాలను సన్నగా చేస్తే చిత్రం స్ఫుటమవుతుంది గాని, లోనికి చేరే కిరణాలు తగ్గిపోతాయి. ఈ పెనుగులాట నేటి కెమెరాలకూ తప్పలేదు.

తొలి కెమెరాను కొన్న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమే 1972లో యాంగర్‌కు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1982లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. 2005 అక్టోబరు 31న బర్క్‌లీలో కన్నుమూశారు.